సూరీడమ్మకు పట్టిన నిద్ర

గుమ్మడి మీద వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒక్కటే. పడుకునే ఉంటుందట!

భీమిలి దారిలో కొత్తగా వెలసిన జూకి చిన్న ఎలుగులాంటి ఆ కోలా ఆస్ట్రేలియా నుంచి విమానమెక్కి వచ్చింది. కాగితాల మీద దానికి నోరు తిరగని దొరసాని పేరేదో ఉంది. దాన్ని చూసుకునే ఎర్రయ్య మాత్రం మొదటిరోజే "గుమ్మడికాయలాగుందిరా బాబూ" అన్నాడు. అంతే, గుమ్మడి అయిపోయింది. బూడిదరంగు బొచ్చు, నల్లటి చప్పిడి ముక్కు, దూది అంటించినట్టు రెండు చెవులు. దానికోసం చల్లటి అద్దాల గది కట్టించి, నిలువు కర్రలు పాతి, పూటపూటకీ తాజా జామాయిల్ కొమ్మలు తెప్పించి పెడుతుంటే, అదేమో ఒక కర్రని వాటేసుకుని పగలల్లా నిద్రపోయేది. విజయనగరం నుంచీ శ్రీకాకుళం నుంచీ బస్సులు కట్టించుకుని వచ్చిన పిల్లలు అద్దం మీద టకటకా కొట్టేవారు. "ఇది బతికే ఉందా, దూది కూరి పెట్టారా?" అని పెద్దలు టికెట్ల దగ్గర తగువేసుకునేవారు.

నిజానికి గుమ్మడి తప్పేమీ లేదు. కోలాలు తినేది మొండి ఆకు. అది అరగాలంటే ఒళ్ళు కదపకుండా పడి ఉండాలి. అడవిలో ఉన్నవి ఎక్కువగా రాత్రిపూట మేస్తాయి. గుమ్మడి మాత్రం ఎర్రయ్య కొమ్మలు మార్చే వేళలకి అలవాటుపడి, తెల్లవారుజామున కాసేపు, సందెవేళ కాసేపు మెలకువగా ఉండేది. జనం వచ్చేది సరిగ్గా ఆ రెండింటికీ మధ్య. ఈ సంగతంతా ఆ జూ పరిశోధనశాలలో పనిచేసే నీలవేణికి బాగా తెలుసు. ప్రాణుల ఒంట్లో ఉండే గడియారాల గురించి చదువుకున్న మనిషి ఆమె.

"మనకి తెలిస్తే లాభమేంటమ్మా, జనానికి కనపడాలి కదా" అన్నాడు క్యూరేటర్ దక్షిణామూర్తి. "పెద్ద దీపాలు పెట్టి లేపేద్దామా? పోనీ, మందేదైనా ఉందా?"

"మందులొద్దు సార్, దీపాలొద్దు. దాన్ని ఏడిపించకుండా లేపే దారి నా దగ్గరొకటుంది" అంది నీలవేణి.

ఆ దారి పేరు జంటపట్టీ. రెండు మెత్తటి రబ్బరు పట్టీలు. ఒకటి ఒక ప్రాణికి, రెండోది ఇంకో ప్రాణికి కట్టాలి. ఒక ఒంట్లో వేడి ఎప్పుడు పెరుగుతోందో, గుండె ఎప్పుడు నెమ్మదిస్తోందో, నిద్ర ఎప్పుడు ముంచుకొస్తోందో పసిగట్టి, రెండో ఒంటికి సన్నటి వెచ్చదనంగా, చిన్న చిన్న అదురులుగా చేరవేస్తుంది. కొన్నాళ్ళకి ఒక ఒంటి పొద్దు రెండో ఒంటికి వచ్చేస్తుంది. నీలవేణి మొదట వాటిని ఒక నాటుకోడికీ, రెక్క విరిగి జూకి చేరిన గుడ్లగూబకీ కట్టి చూసింది. కొద్దిరోజులకి గుడ్లగూబ తెల్లారగానే కోడి పక్కన కూర్చుని లోకాన్ని వింతగా చూడటం మొదలుపెట్టింది. పరిశోధనశాలలో అందరూ పండగ చేసుకున్నారు. రెంటిలో పగటి ప్రాణి గడియారమే బలమైనదని నీలవేణి తేల్చేసుకుంది.

ఇక గుమ్మడికి జోడీ కావాలి. పగలల్లా కునుకు తీయని మనిషి కావాలి. ఎంత వెతికినా ఆ జూలో అలాంటివాళ్ళు దొరకలేదు. ఎర్రయ్య అన్నం తినగానే ఏనుగుల షెడ్డు వెనక నడుం వాలుస్తాడు. దక్షిణామూర్తి మీటింగుల్లోనే కానిచ్చేస్తాడు. మధ్యాహ్నం టీ పడకపోతే నీలవేణికే కళ్ళు మూతలు పడతాయి.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈ గోడు వెళ్ళబోసుకుంటే, పోర్టులో ఇంజనీరుగా చేసే ఆమె భర్త భానోజీ పెరుగన్నం కలుపుకుంటూ, "మా అమ్మకి కట్టు" అన్నాడు. "పగలు ఆవిడ కూర్చోగా నేను బుద్ధెరిగాక చూళ్ళేదు."

అతను హాస్యానికే అన్నాడు. నీలవేణి చెయ్యి మాత్రం కంచంలో ఆగిపోయింది. అత్తగారు సూరీడమ్మ అప్పుడు కూడా కూర్చుని లేదు. మనవరాలు ఉదితకి ఒక చేత్తో చారు పోస్తూ, రెండో చేత్తో మర్నాటికి పెసలు నానేస్తోంది. పేరు సూరీడమ్మే గానీ సూరీడి కంటే ముందే లేస్తుంది. ఉదిత ఇంటర్ కాలేజీ బస్సు చీకటుండగానే వచ్చేస్తుంది; ఆ పిల్లకి టిఫినూ, రెండు పూటల క్యారేజీ. తర్వాత కొడుకు క్యారేజీ, కోడలి క్యారేజీ. ఆ తర్వాత బట్టలు, బియ్యం ఏరడం, పాలవాడు, గ్యాసువాడు, వడియాలు, మళ్ళీ పొయ్యి. "మా అత్తయ్యకి నిద్రా అలుపూ లేవండీ" అని నీలవేణి పదిమందిలో గొప్పగా చెప్పుకునేది. అందులో తప్పేమైనా ఉందని ఆమెకి ఎన్నడూ తోచలేదు.

"నాకేటవుద్దే? గాజుల పక్కన ఇంకో గాజు" అంటూ సూరీడమ్మ చెయ్యి చాపింది. "పాపం, ఆ జంతువు జనం చేత మాటలు పడతందంటన్నావు కదా. కట్టు."

వారం తిరిగేసరికి గుమ్మడి పట్టపగలు కళ్ళు తెరిచింది. కళ్ళు తెరవడమేమిటి, కాలు నిలవకుండా తిరగడం మొదలుపెట్టింది. కర్ర మీంచి కర్రకి, కర్ర మీంచి నేలకి, నేల మీంచి మళ్ళీ కర్రకి. ఒక కొమ్మ దగ్గర రెండు ఆకులు కొరికి ఇంకో కొమ్మ దగ్గరికి పోయేది. జనం విరగబడ్డారు. దక్షిణామూర్తి కాకినాడ కాజాలు తెప్పించి జూ అంతా పంచాడు. టీవీవాళ్ళొచ్చి నీలవేణిని చెట్టు కింద నిలబెట్టి మాట్లాడించారు. ఆ సందడిలోనే ఎర్రయ్య ఇంకో శుభవార్త చెప్పాడు. విమానమెక్కేనాటికే చూలుతో ఉందేమో, కంగారూకి ఉన్నట్టే గుమ్మడికీ ఉన్న పొట్టసంచిలో పిల్ల ఉంది, ఇంకా వేలెడంతే. దక్షిణామూర్తి ఇంకో విడత కాజాలు తెప్పించాడు.

ఇంట్లో ఏ తేడా కనపడలేదు. నీలవేణి లేచేసరికి అత్తగారు ఎప్పటిలాగే వంటింట్లో ఉండేది, ఇంటి పనంతా ఆ పూటే తెమిల్చేసేది. సాయంత్రం ఇల్లు చేరేసరికి తల దువ్వుకుని, దీపం పెట్టి, గుమ్మంలో కూర్చుని ఉండేది. అలా కూర్చోవడమే కొత్త, కానీ ఎవరు పట్టించుకున్నారు గనక? దీపాలవేళ ఎవరూ పడుకోకూడదన్నది ఆ ఇంట్లో సూరీడమ్మ పెట్టిన చట్టం. జ్వరమొచ్చినా సరే, ఆ వేళకి లేచి కూర్చోవాల్సిందే. అంచేత ఆవిడ ఆ వేళకి మెలకువగా ఉండటం ఎవరికీ వింతగా తోచలేదు. "ఒంట్లో ఎలా ఉంది అత్తయ్యా?" అని నీలవేణి రోజూ అడిగేది. "దివ్యంగా ఉన్నానే" అనేది ఆవిడ. అది అబద్ధం కాదు.

రెండు పట్టీలు పంపే వివరాలూ నీలవేణి కంప్యూటర్లో చేరుతూనే ఉన్నాయి. గుమ్మడివి రోజూ చూసేది. అత్తగారివి తెరవలేదు. అత్తగారి గుండె చప్పుడూ ఒంటి వేడీ కోడలు తెరిచి చదవడమా? అదేం మర్యాద? పెద్దావిడ నోరారా బాగున్నానన్నాక ఇంకేం చూడాలి? ఆ మర్యాద ఎంత పని చేసిందో, ఒక మధ్యాహ్నం పక్కింటి కామేశ్వరి ఫోన్ చేస్తే గానీ తెలియలేదు.

"నీలవేణిగారూ, గ్యాసతను బెల్లు కొట్టీ కొట్టీ వెళ్ళిపోయాడండి. నేనూ తలుపు బాదేను. మీ అత్తగారు పలకట్లేదు. నాకెందుకో భయంగా ఉందండి."

నీలవేణి చేతిలో పని అలాగే వదిలేసి పరుగెత్తింది. ఆటోలో ఇంటికి చేరి తన తాళంచెవితో తలుపు తీసింది. సూరీడమ్మ మంచం మీద లేదు. హాల్లో గోడవారన చుట్ట చుట్టి నిలబెట్టిన పరుపుని రెండు చేతులా వాటేసుకుని, మోకాళ్ళు ముడుచుకుని, దానికి చెంప ఆనించి నిద్రపోతోంది. ఆ తీరు నీలవేణికి బాగా తెలుసు. ఇన్నాళ్ళూ అద్దంలోంచి చూసిన తీరే. పిలిచింది, కుదిపింది, ముఖాన నీళ్ళు చిలకరించింది. సూరీడమ్మ లేవలేదు. మణికట్టు పట్టుకుంటే నాడి ఎక్కడో లోతుల్లో తాపీగా కొట్టుకుంటోంది. ఆ ముఖంలో మాత్రం బాధ అన్నది లేదు. కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే ముడత విడిపోయి, ఆవిడ చిన్నపిల్లలా కనపడింది. తను కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో అత్తగారు నిద్రపోతుండగా ఒక్కసారీ చూడలేదని నీలవేణికి అప్పుడు తట్టింది.

వీధి చివర ఉండే డాక్టరు వచ్చి చూశాడు. "నిద్రేనమ్మా. మంచి నిద్ర" అన్నాడు తల గోక్కుంటూ. "కానీ ఇంత లోతు నిద్ర, ఇంతసేపు, ఈ వయసులో మంచిది కాదు. గుండె అలా నెమ్మదిస్తూ పోతే కష్టం."

వెలుగు తగ్గుతుండగా సూరీడమ్మ తనంతట తనే కళ్ళు తెరిచింది. ఎదురుగా కోడల్ని చూసి, "ఇంత పెందలాడే వచ్చీసావేటి? దీపం పెట్టేవా?" అంది.

మర్నాడు నీలవేణి మర్యాద పక్కనపెట్టి అత్తగారి వివరాలు తెరిచింది. తెల్లవారుజామున కాసేపు, సందెవేళ కాసేపు మెలకువ. తక్కినదంతా నిద్ర. అచ్చం పాత గుమ్మడి! కుటుంబం మొత్తం ఇంట్లో ఉండే ఆ రెండు పూటలే ఆవిడ లేచి ఉంటోంది. ఇక ఎవరికి మాత్రం తెలుస్తుంది?

నీలవేణి తల పట్టుకుని కోడినీ గుడ్లగూబనీ మళ్ళీ తలుచుకుంది. కోడి గెలిచింది పగటి ప్రాణి అయినందుకు కాదు. అది తనివితీరా నిద్రపోయే కోడి. గుడ్లగూబేమో దెబ్బతిని నిద్ర చెడిన గుడ్లగూబ. జంటపట్టీ నిద్రని నిండుగా ఉన్నచోటి నుంచి వెలితిగా ఉన్నచోటికి పంపుతోంది, మడిలో నీళ్ళు పల్లానికి పోయినట్టు. నిద్ర లేకపోవడం సూరీడమ్మ గుణమని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. అది వెలితి. గుమ్మడి తన నిద్రనంతా ఆ వెలితిలోకి ఒంపేసి, ఆవిడ కంగారుని తను తీసుకుంది.

అంతలో ఎర్రయ్య తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వడం లేదు.

"డాక్టరమ్మగారూ, ఓపాలి రండి. సంచిలో పిల్ల సంగతి నాకేటో బాగా కనపడ్నేదు. సెయ్యెడితే కదిలీది. ఇప్పుడు కదలిక తగ్గిపోనాది. తల్లి ఓ కాడ కూసుంటే గదా, తిన్నది అరిగి పాలు పడ్డానికి?"

అతను చెప్పినదే జరుగుతోంది. నిద్ర లేదు గనక ఆకు అరగడం లేదు, ఆకు అరగడం లేదు గనక పాలు లేవు. గుమ్మడి మెడ పట్టీ తీసేస్తే సరిపోతుంది, ఒక్క క్షణం పని. నీలవేణి అద్దాల గదిలోకి వెళ్ళి, పట్టీ కొక్కెం మీద వేలు పెట్టి కూడా ఆగిపోయింది. నిన్న చూసిన ఆ ముడత లేని ముఖం గుర్తొచ్చింది. ఆ నిద్రని అత్తగారికి చెప్పనైనా చెప్పకుండా ఎలా లాగేసుకోవడం? "సాయంత్రందాకా ఓపిక పట్టు ఎర్రయ్యా" అని బయటికొచ్చింది. దక్షిణామూర్తి ఎదురై ఆదివారం రాబోయే బస్సుల గురించి ఏదో అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

ఇంట్లో సూరీడమ్మ లేచేదాకా పక్కనే కూర్చుంది. లేచి, దీపం పెట్టి వచ్చాక, "అత్తయ్యా, ఆ పట్టీ విప్పేద్దాం" అంది.

సూరీడమ్మ రెండో చెయ్యి చటుక్కున వచ్చి పట్టీని కప్పేసింది. "వద్దే."

ఆవిడ నోట ఆ మాట నీలవేణి ఎన్నడూ వినలేదు. "మీ గుండె నెమ్మదిస్తోందని డాక్టరుగారు అన్నారు."

"నెమ్మదించనీయే. ఎప్పుడు నెమ్మదించింది గనక?" అని నవ్వింది సూరీడమ్మ. "మీ మావయ్యది జనపనార మిల్లులో షిఫ్టు డ్యూటీ. ఓ వారం పగలు, ఓ వారం సాయంత్రం, ఓ వారం రేత్రి. ఆయన లెగిసినప్పుడే నాకు తెల్లారీది. ఆయన తొంగున్నప్పుడు పిల్లలు లెగిసీవోరు. ఆయన పోయేక కూడా ఆ మిల్లు సైరను నా చెవిలో కూస్తానే ఉంది. నిద్రంటే ఇలాగుంటాదని నాకు తెల్దే నీలా. ఒళ్ళంతటినీ ఎవరో ఎత్తుకున్నట్టుంటాది. చిన్నప్పుడు మాయమ్మ అలాగే ఎత్తుకునుంటాది గావాల. నాకు గుర్తు లేదు."

నీలవేణికి ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది. పిల్ల సంగతి ఒక్కమాట చెబితే చాలు, అత్తగారు మరుక్షణం పట్టీ విప్పేస్తుంది. ఎవరైనా అవసరమని అడిగితే కాదనడం ఆవిడకి తెలియదు. ఇన్నేళ్ళూ ఈ ఇల్లు నడిచింది ఆ తెలియకపోవడం మీదనే. ఇప్పుడు తనూ మళ్ళీ దాన్నే వాడుకోవాలి. తన చదువు మీదా తెలివి మీదా నీలవేణికి రోత పుట్టింది. చెప్పడానికి నోరు రాలేదు, చెప్పకుండా ఉండటానికి మనసు ఒప్పలేదు. చివరికి, "ఒకసారి నాతో వస్తారా అత్తయ్యా? మీరు గుమ్మడిని చూడనే లేదు కదా" అంది.

స్కూటర్ మీద వెళ్ళేసరికి జూ మూసేశారు. అద్దాల గది ముందు ఎర్రయ్య స్టూలు వేశాడు. సూరీడమ్మ కూర్చోలేదు. లోపల గుమ్మడి కర్ర దిగి నేల మీదికి, నేల మీంచి ఇంకో కర్ర మీదికి పోతోంది. ఆకు అందుకుంటుంది, నోట్లో పెట్టుకోకుండానే వదిలేసి ఇంకెక్కడికో చూస్తుంది. బొచ్చు రేగిపోయింది. ఒళ్ళు చిక్కిపోయింది.

"ఇదేటే, ఇలా తిరుగుతంది?" అంది సూరీడమ్మ. "పొయ్యి మీద పాలు పెట్టీసి వచ్చినట్టు?"

గుమ్మడి ఒకచోట ఆగి, రెండు చేతులా కర్రని పట్టుకుని కళ్ళు మూసుకుంది. అంతలోనే ఎవరో కేకేసినట్టు ఉలిక్కిపడి కదిలిపోయింది. సూరీడమ్మ అద్దానికి అరచెయ్యి ఆనించి చాలాసేపు చూసింది.

"ఇది నేనే కదే" అంది మెల్లగా.

"దాని సంచిలో పిల్లుందమ్మా" అన్నాడు ఎర్రయ్య.

వద్దన్నట్టు నీలవేణి అతని వైపు చూసింది గానీ మాట అప్పటికే బయటికొచ్చేసింది. సూరీడమ్మ కోడలి వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. ఈ మాట చెప్పలేక ఇంత దూరం తీసుకొచ్చావా అన్నట్టు చూసింది, అంతే. తర్వాత పట్టీని తనే విప్పింది. తొందరపడలేదు. విప్పి, ఒకసారి చెంపకి ఆనించుకుని, కోడలి చేతిలో పెట్టింది.

"దాని నిద్ర దానికిచ్చీయే. బాలింతది. బాలింత నిద్ర లాగీసుకుని తొంగున్నానేటే ఇన్నాళ్ళూ!" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఎర్రయ్య లోపలికి వెళ్ళి గుమ్మడి పట్టీ తీసేశాడు.

ఆ మర్నాటికి గుమ్మడి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. దాని తర్వాతి రోజూ అంతే. ఆదివారం బస్సులు దిగిన జనం ఎప్పటిలాగే అద్దం మీద చెయ్యెత్తారు. అక్కడ నీలవేణి పెట్టించిన కొత్త బోర్డు ఉంది: "బాలింత పడుకుంది. చప్పుడు చెయ్యకండి." అది చదివి ఆడవాళ్ళు పిల్లల చేతులు పట్టి వెనక్కి లాగారు. మగవాళ్ళు గొంతు తగ్గించారు. పడుకున్నదాన్నే చూసి, ముచ్చటపడి వెళ్ళారు. టికెట్ల దగ్గర ఎవరూ తగువేసుకోకపోవడం చూసి దక్షిణామూర్తి నోరెళ్ళబెట్టాడు. కొన్నాళ్ళకి, సంచిలోంచి ఒక చిన్న చెయ్యి బయటికొచ్చి తల్లి బొచ్చు పట్టుకుందని ఎర్రయ్య పరుగున వచ్చి చెప్పాడు. నీలవేణి జంటపట్టీని బీరువాలో పడేసి తాళం వేసింది.

ఇంట్లో మాత్రం పని అంత సులువుగా తెమల్లేదు. తెల్లవారుజామున సూరీడమ్మ వంటింట్లోకి వచ్చేసరికి అక్కడ భానోజీ కొబ్బరి తురుముతున్నాడు, నీలవేణి ఉప్మా ఉండలు కట్టిస్తోంది, ఉదిత తన క్యారేజీ తనే సర్దుకుంటోంది. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. "నేనేం చెయ్యనే?" అంది.

"ఏమీ చెయ్యకండి అత్తయ్యా. వెళ్ళి పడుకోండి."

చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు చూసి, వెళ్ళి పడుకునేది. పడుకునేదే గానీ నిద్ర వచ్చేది కాదు. ఎవరిదో ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తుండేది. నాలుగు రోజులు చూసి, ఒక సెలవునాడు మధ్యాహ్నం భానోజీ తల్లి గదిలోకి వెళ్ళాడు.

"కళ్ళు మూసుకో అమ్మా."

"మూసుకుంటే ఏదో పని మరిచిపోయినట్టుంటాదిరా. నువ్వెల్లు."

"వెళ్ళను. నేనూ ఇక్కడే పడుకుంటా. నన్ను చూసి నీకూ వస్తుంది" అని అతను తల్లి పక్కన చాప మీద ఒత్తిగిలి పడుకున్నాడు.

నీలవేణి గిన్నెలు కడిగి వచ్చి తొంగిచూసేసరికి భానోజీ నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నాడు. సూరీడమ్మ అతని వైపు తిరిగి, కళ్ళు విప్పార్చుకుని, నెరుస్తున్న జుట్టున్న ఆ కొడుకు భుజం మీద మెల్లగా జోకొడుతోంది.

నీలవేణి చప్పుడు కాకుండా ఆవిడ వెనక కూర్చుని, ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. "ఆయన నిద్రపోయారు అత్తయ్యా. ఇక చాలు."

కోడలి అరచేతిలో కూడా ఆ చెయ్యి ఒకే వరసలో జోకొడుతూనే ఉంది, ఆవిడకి తెలియకుండానే. నీలవేణి వదల్లేదు. చాలాసేపటికి ఆ జోకొట్టడం నెమ్మదించింది. ఇంకాసేపటికి వేళ్ళు సడలాయి. సన్నగా సూరీడమ్మ గురక వినపడింది.